దృష్టిలోపంతో కూడిన బహువైకల్యం గల విద్యార్థుల బోధన

దృష్టిలోపంతో పాటు వినికిడి లోపం, మస్తిష్క పక్షవాతం, మేధోవైకల్యం వంటి మరొక వైకల్యం కూడా ఉన్న పిల్లలకు చదువు చెప్పే విధానం ప్రత్యేక విద్యలో ఒక శాఖ. ఇక్కడ లోపాల లెక్క కూడిక కాదు, హెచ్చవేత. చూపు లేని బిడ్డ చెవితోను, వినికిడి లేని బిడ్డ కంటితోను లోటును కొంత పూడ్చుకొనగలరు. రెండూ లేనివారికి ఆ దారులు మూసుకుపోయి, స్పర్శ, వాసన, రుచి, కదలిక మాత్రమే మిగులుతాయి. అంధుల బడికి, బధిరుల బడికి మధ్య ఇటువంటి పిల్లలు ఎక్కడా చేరక ఇంటనే ఉండిపోవడం కద్దు.

చరిత్ర

అమెరికాలోని పెర్కిన్స్ అంధుల పాఠశాలలో లారా బ్రిడ్జ్‌మన్ 1837లో చేరింది. అక్కడే చదివిన ఆన్ సలివాన్ 1887లో హెలెన్ కెల్లర్‌కు ఉపాధ్యాయినిగా వెళ్ళింది. ఒక చేతిపై పంపునీరు పడుతుండగా రెండవ అరచేతిలో ఆ నీటి పేరును వేళ్ళతో వ్రాసిన సంఘటన సుప్రసిద్ధము. భారతదేశంలో 1995 నాటి వికలాంగుల చట్టం ఏడు వైకల్యాలను పేర్కొన్నది. బహువైకల్యం అందులో లేదు. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం దానిని గుర్తించింది. 2016 చట్టంలోని 21 వైకల్యాలలో బధిరాంధత్వంతో సహా బహువైకల్యం చేరింది.

బోధనా పద్ధతులు

మస్తిష్క పక్షవాతం ఉన్న బిడ్డను ముందు ఆసరాతో సరిగా కూర్చోబెట్టవలెను. లేనిచో తల నిలుపుకొనుటకే శక్తి అంతా ఖర్చయి పాఠం అందదు. ఉపాధ్యాయుడు బిడ్డ చేతిని పట్టి లాగకుండా, తన చేతిని దాని క్రింద ఉంచుతాడు. ఇష్టం లేనప్పుడు బిడ్డ చేయి తీసుకొనవచ్చును. ప్రతి పనికీ ఒక వస్తువు గుర్తుగా ఉంటుంది: గ్లాసు అందిస్తే మంచినీళ్ళు, తువ్వాలు అందిస్తే స్నానం, చెప్పు అందిస్తే బయటకు ప్రయాణం. కొందరికి కన్ను బాగానే ఉండి మెదడు చూపును గ్రహించలేదు. వీరిని "చూపుంది గానీ చూడడు" అని మందలించడం అన్యాయము. గజిబిజి లేని నేపథ్యంలో ఒకే రంగు వస్తువును మెల్లగా కదిలిస్తే వీరిలో పలువురు దానిని గుర్తించగలరు.

పాఠానికి ఇంటి పనులే మంచి సాధనాలు. కోనసీమ జిల్లాలోని ఆత్రేయపురం పూతరేకులకు ప్రసిద్ధి. రేకు పరచడం, తడిబట్టతో మెత్తబరచడం, నెయ్యి రాయడం, బెల్లం పొడి చల్లడం, మడవడం అనే పనిని తీసుకుంటే, మొదట నాలుగు మెట్లూ పెద్దలు చేసి చివరి మడత మాత్రం బిడ్డచేత వేయిస్తారు. అది వచ్చాక చల్లడం, ఆపైన రాయడం. ఇలా వెనుకనుండి నేర్పితే ప్రతిసారీ పని పూర్తిచేసిన ఆనందం (తినుటకు పూతరేకు కూడా) బిడ్డకే దక్కుతుంది. రేకు తీసే వేడి కుండ మాత్రం దూరంగా ఉండవలెను.

బ్రెయిలి

అక్షరాలు నేర్వగలవారికి 1951లో రూపొందిన భారతి బ్రెయిలి ఉపయోగిస్తారు. అచ్చు తెలుగులో గుడి హల్లు పైన ఉంటుంది. బ్రెయిలిలో 'కి' అనగా 'క' తరువాత 'ఇ'. అందరికీ బ్రెయిలి సాధ్యం కాదు; అంతమాత్రాన చదువు ఆగదు.

ఆంధ్ర ప్రదేశ్‌లో

మండలాలలోని భవిత కేంద్రాలలో ప్రత్యేక ఉపాధ్యాయులు బోధిస్తారు. విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణ ప్రకారం తీవ్ర వైకల్యం, బహువైకల్యం గల పిల్లలు ఇంటివద్దనే విద్య పొందవచ్చును. ఉపాధ్యాయులు ఇంటికి వచ్చేది అప్పుడప్పుడే గనుక, మిగిలిన రోజులలో బోధన తల్లిదండ్రుల చేతిలోనే ఉంటుంది. చెన్నై సమీపాన ముట్టుకాడులో 2005లో ఏర్పడిన జాతీయ సంస్థ బహువైకల్యంపై శిక్షణ ఇస్తున్నది.