మంచులో పడ్డ నవల

విమాన టికెట్ల రిజర్వేషన్ గుమస్తా. పగలంతా ఫోన్లు, బుకింగులు. గదికి చేరాకే కథలు. ఊరొదిలి పరాయి నగరంలో బతుకుతూ, డ్యూటీ దిగాక రాసుకునేవాళ్లకి ఇది తెలిసిన బతుకే. ఆ గుమస్తా పేరు హార్పర్ లీ.

అమెరికాలోని అలబామా రాష్ట్రంలో మన్రోవిల్ అనే చిన్న ఊరు ఆమెది. లా చదువు మధ్యలో వదిలేసి 1949లో న్యూయార్క్ వచ్చేశారు. ఏళ్లు గడిచినా రాయడానికి తీరిక దొరకలేదు. 1956 క్రిస్మస్‌కి ఓ స్నేహితుల జంట ఆమెకి అనుకోని కానుక ఇచ్చింది. ఏడాదిపాటు ఉద్యోగం మానేసి రాసుకోవడానికి సరిపడా డబ్బు!

నవల పూర్తయింది. 1957లో లిపిన్‌కాట్ ప్రచురణ సంస్థకి చేరింది. అక్కడి ఎడిటర్ టే హోహాఫ్ చదివారు. రాసే చెయ్యి మంచిదే కానీ ఇది ఇంకా నవల కాలేదు, విడివిడి సంఘటనల్లా ఉంది అనుకున్నారు.

కథేమిటంటే.. న్యూయార్క్‌లో ఉంటున్న యువతి సొంతూరికి వస్తుంది. మధ్యమధ్యలో చిన్ననాటి జ్ఞాపకాలు. ఎడిటర్‌కి నచ్చింది ఆ జ్ఞాపకాలే. ఆ చిన్నపిల్ల కళ్లతోనే కథంతా చెప్పమన్నారు. అంటే మళ్లీ మొదటికి!

రెండేళ్లకు పైగా తిరగరాతలే. ఓ చలికాలం రాత్రి విసుగెత్తి, రాసిన కాగితాలన్నీ కిటికీలోంచి మంచులోకి విసిరేశారట. ఏడుస్తూ ఎడిటర్‌కి ఫోన్ చేస్తే, ముందు వెళ్లి అవన్నీ ఏరుకు రమ్మన్నారట. లీ వెళ్లి ఏరుకొచ్చారు.

ఆ నవలే 1960 జులైలో వచ్చిన ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’. 1961లో పులిట్జర్ బహుమతి. ఆ తర్వాత కోట్ల ప్రతులు. మొదట రాసిన నవల కూడా 2015లో ‘గో సెట్ ఎ వాచ్‌మన్’ పేరుతో వెలువడింది. రెండూ పక్కపక్కన పెట్టి చదివితే తిరగరాత విలువేమిటో తెలుస్తుంది.

పంపిన కథ తిరిగొస్తే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. కానీ ‘పనికిరాదు’ వేరు, ‘మార్చి పంపండి’ వేరు. రెండో మాట వచ్చిందంటే మీ కథని ఎవరో పూర్తిగా చదివారన్నమాట. అలిగి కూర్చోకండి. ఏ భాగం నచ్చిందో అడగండి. బహుశా అసలు కథ అక్కడే ఉండొచ్చు.

ఏడాది జీతం చేతిలో పెట్టే స్నేహితులు అందరికీ దొరకరు. గల్ఫ్‌లో ఉన్నవాళ్లకి దొరికేది వారాంతపు సెలవు. బట్టలు ఉతుక్కుని, ఇంటికి ఫోన్ చేశాక ఓ గంట మిగిలితే.. ఆ పాత కథ బయటికి తీయండి.