దూబగుంట రాత్రిబడి

నెల్లూరు జిల్లాలోని దూబగుంట పేరు 1990వ సంవత్సరమునకు పూర్వము చుట్టుపట్ల గ్రామములవారికి తప్ప నెవరికిని తెలియదు. రెండు మూడేండ్లు గడచునంతలో నా పేరు రాజధానిలోని మంత్రుల నిద్రకు భంగము కలిగించినది. తిరునాళ్ళవలన గాని, ఆనకట్టవలన గాని, మహానాయకుని జన్మస్థానమగుటవలన గాని యీ ఖ్యాతి రాలేదు. పగలెల్ల పొలములలో నడుము వంచి పనిచేసిన కూలిస్త్రీలు చీకటిపడిన పిమ్మట పలకలు పట్టుకొని కూర్చున్న రాత్రిబడివలన వచ్చినది.

ఈ కథను మన పాఠకులలో పెక్కుమంది సారా వ్యతిరేకోద్యమ చరిత్రగా నెఱుగుదురు. అది నిజమే. కాని మేమది ప్రధానముగా బడికథయని తలంచుచున్నాము. మద్యనిషేధ శాసనములు వచ్చినవి, పోయినవి. ఆ బడి యేమి చేసినదో, ఎట్లు చేసినదో విచారించుట నేటికిని ప్రయోజనకరము.

1988లో కేంద్ర ప్రభుత్వము జాతీయ సాక్షరతా మిషనును నెలకొల్పినది. 1990లో కేరళమునందలి ఎర్నాకుళము సంపూర్ణాక్షరాస్యత సాధించిన జిల్లాగా ప్రకటింపబడినది. ఆ యొరవడిలోనే నెల్లూరులో ‘అక్షరదీపము’ ఆరంభమైనది. ముందుగా కళాజాతలవారు ఊరూర తిరిగి, పాటలతోను వీథినాటకములతోను జనమును బడికి పిలిచిరి. పదుగురు పెద్దలకు ఒక్కరు చొప్పున పాఠము చెప్పువారు, క్రమముగా మూడు వాచకములు, సుమారు రెండువందల గంటల బోధన, ఇంతే పథకము. పాఠము చెప్పువారు జీతగాండ్రు కారు. ఊరిలో నాలుగక్షరములు నేర్చి, పని దొరకక యరుగులమీద కాలము పుచ్చుచున్నారని పెద్దలచే నిందలు పడిన యువతీ యువకులే వారిలో నధికసంఖ్యాకులు. వీరి మాట చరిత్ర చెప్పువారు తఱచు మఱచిపోవుచున్నారు. తల్లి వయస్సుగల స్త్రీ చేయి పట్టి ‘అ’ దిద్దించిన కుఱ్ఱవాడు, ఆమె యేల నిన్న బడికి రాలేదో అడుగక తప్పదు. అడిగిన పిదప ఆమె చెప్పినది వినకయు తప్పదు. ఆ విధముగా చదువు చెప్పబోయినవారికే మొదటి పాఠము లభించినది.

ఏమి చెప్పిరి ఆ స్త్రీలు? తెచ్చిన కూలిడబ్బు సారా యంగడికి పోవుచున్నదనిరి. రాత్రి దెబ్బలు తినుచున్నామనిరి. త్రాగినవారు బడి దగ్గఱకే వచ్చి యల్లరి చేయుచున్నారనిరి. ఇందులో నే యొక్కటియు వారికి క్రొత్త సంగతి కాదు. క్రొత్తయైనది, పదుగురు కూడి చెప్పుకొనుట. బావియొద్ద మాటలాడుకొన్నచో ముచ్చట్లని యత్తలు గద్దింతురు. పొలములో మాటలాడినచో మేస్త్రీ గద్దించును. బడికి పోవుచున్నామనుట మాత్రమే యే యింటివారును కాదనలేని సాకైనది. ఆ సాకు సర్కారువారే కల్పించి యిచ్చిరి!

వాచకములో ‘సీతమ్మ కథ’ యను పాఠ ముండెను. భర్త త్రాగుడుచే నాశమైన యొక కుటుంబమును గూర్చిన పాఠమది. వయోజనులకు చిలుకల కథలు, కాకుల కథలు చెప్పుట కాక, వారి బ్రతుకే పాఠముగా పెట్టవలెనని యెంచిన యా వాచకకర్తలను మేమభినందించుచున్నాము. అక్షరము కూడబలుకుకొని చదివిన స్త్రీ, అచ్చులో తన యింటిని చూచినది. అచ్చులో నున్నది గనుక అది తన నుదుటి వ్రాత మాత్రమే కాదనియు, పదిమంది విచారింపదగిన విషయమనియు గ్రహించినది.

అంతలో దూబగుంటలో త్రాగినవారు కొందఱు ఊరి చెఱువులో పడి చనిపోయిరి. రోశమ్మ మొదలైన స్త్రీలు కూడబలుకుకొని, ఊరిలోనికి వచ్చుచున్న సారాను త్రిప్పి పంపిరి, అంగడిని మూయించిరి. పిమ్మట జరిగినది మఱియు విశేషము. ఆ విజయగాథయే ‘ఆడవాళ్ళు ఏకమైతే’ యను పేర తరువాతి వాచకములో పాఠమైనది. పుస్తకము ఊరిని కదల్చినది. ఊరు మఱల పుస్తకములోనికి ఎక్కినది. ఆ పుస్తకము వందల యూళ్ళకు పోయినది. 1992 నాటికి జిల్లాలో సారా పాటలు జరుగనీయకుండ స్త్రీలు అడ్డుపడిరి.

ఇచ్చట ప్రభుత్వమువారి చిత్రస్థితిని గూర్చి రెండు మాటలు చెప్పక యుండలేము. ఒక చేతితో పలక నిచ్చుచున్న సర్కారే, ‘వారుణి వాహిని’ పథకమున రెండవ చేతితో సారా ప్యాకెట్లను పల్లెలకు చేరవేయుచుండెను. ఆంధ్రప్రదేశమున 1970–71లో సుమారు 39 కోట్ల రూపాయలుగా నున్న యబ్కారీ యాదాయము 1991–92 నాటికి 812 కోట్లకు పెరిగినది. జిల్లాయందు సాక్షరతకు పెద్దలైనవారికే సారా పాటల భారము కూడ నుండెను. ఒకే బల్లమీద రెండు కాగితముల కట్టలు! స్త్రీలు చదువు నేర్చిన వెంటనే రెండవ కట్టను చదువుదురని యెవరును ఊహింపలేదు కాబోలు.

1993 ఏప్రిలులో నెల్లూరు జిల్లాలోను, ఆ సంవత్సరము అక్టోబరు 1న రాష్ట్రమంతటను సారా నిషేధింపబడినది. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది. 1997లో అది సడలింపబడినది. కారణముగా చెప్పినది ఖజానా నష్టము, దొంగసారా. ఈ వాదములలో కొంత సత్యము లేకపోలేదు. కాని యా నిర్ణయము చేయుటకు ముందు రాత్రిబడి స్త్రీలను పిలిచి యడిగినవారు లేరు.

శాసనము పోయినను స్త్రీలు కూడుట పోలేదు. సారా యంగడి మూతబడగా మిగిలిన డబ్బులో దినమున కొక రూపాయి దాచుకొను ‘పొదుపు లక్ష్మి’ సంఘములు నెల్లూరులోనే వ్యాపించినవి. లెక్క పుస్తకము వ్రాయగల స్త్రీ యొకతె యున్ననే గాని సంఘము సాగదు. ఆమెను సిద్ధపఱచినది రాత్రిబడియే. 1991 జనాభా లెక్కలలో అప్పటి ఆంధ్రప్రదేశ స్త్రీలలో అక్షరాస్యులు నూటికి 32.72, 2011లో 59.15. ఈ వృద్ధియంతయు రాత్రిబడుల ఫలమని మేము చెప్పము; బాలికలు పగటిబడికి పోవుట అందుకు ముఖ్యకారణము. అయినను 2011లోను నూటికి నలువదిమంది స్త్రీలు చదువునకు వెలుపలనే యుండిరనుట మఱవరాదు.

మన దేశమున కిది వింత కాదు. 1935లో పాతూరి నాగభూషణముగారు కొల్లూరు కాలువలో పడవపై గ్రంథాలయము నడిపిరి. దుర్గాబాయిగారు బాలికగా నుండగనే కాకినాడలో స్త్రీలకు హిందీ పాఠశాల పెట్టిరి. వారికి భవనములు లేవు.

నేడు భవనముల కొఱత తక్కువ. పలుగ్రామములలో సామాజిక భవనములను మేము చూచితిమి. గోడలపై పథకముల పేర్లు, ద్వారమునకు తాళము. పెండ్లిండ్లకును, ఎన్నికలకును తెఱచెదరట. తాళపుచెవి యెవరియొద్ద నున్నదని అడిగితిమి. సర్పంచుగారి యింటనో, కంట్రాక్టరుగారి యింటనో యున్నదని బదులు వచ్చినది. పంచాయతీలవారిని మేము క్రొత్త నిధులు కోరుట లేదు. వారమునకు నాలుగు రాత్రులు ఆ తాళపుచెవిని ఊరి పొదుపు సంఘమువారికి ఇప్పింపుడు. ఒక దీపము, ఒక చాప, దినపత్రిక యొకటి యుంచుడు. డిగ్రీ చదివి యింట నున్న పిల్లలను పిలువుడు. తక్కిన కార్యక్రమమును వారే నిర్ణయించుకొందురు.