చెరగని జాడలు

ఇసుకలో అడుగుజాడలను అల చెరిపివేయును. అంతర్జాలములో తిరిగిన వారి జాడలు అంత సులభముగా చెరగవు. ఇందుకు కారణమేమి?

వెబ్‌సైటుకు స్వతహాగా జ్ఞాపకశక్తి లేదు. రెండు పుటలను వరుసగా ఒక్కరే కోరినను అది గుర్తింపజాలదు. ఈ లోపమును తీర్చుటకు 1994లో నెట్‌స్కేప్ సంస్థకు చెందిన లూ మాంటుల్లీ 'కుకీ' అను సాధనమును కల్పించెను. వెబ్‌సైటు ఒక సంఖ్యను పంపును. బ్రౌజరు దానిని దాచుకొని, మరల వచ్చినప్పుడెల్ల చూపును. గుడివద్ద చెప్పులు విడిచినప్పుడు ఇచ్చు బిళ్ళ వంటిదే ఇది.

అయితే పుటలో కనబడు ప్రకటన వేరొక సంస్థది కావచ్చును. ఆ సంస్థయు తన బిళ్ళను ఇచ్చును. దాని ప్రకటనలు వేయి వెబ్‌సైట్లలో ఉన్నచో, వేయి చోట్లను అదే బిళ్ళ దాని కంటబడును. ఉదయము వార్తలు చదివినదియు, మధ్యాహ్నము మధుమేహ లక్షణములను వెదకినదియు, రాత్రి అప్పుకొరకు విచారించినదియు ఒకే వ్యక్తి యని అది గ్రహించును. పేరు తెలియకున్నను మనిషి గుట్టు తెలిసిపోవును.

కుకీలను తొలగించిన చాలదా? చాలదు. బ్రౌజరు తన భాషను, తెర కొలతలను, కాలమండలమును, ఫాంట్లను వెల్లడించును. విడివిడిగా ఇవి స్వల్పములు. కలిసినచో వేలిముద్ర వంటివి. జనులను సరిగా సగము చేయు ప్రశ్నలు 33 ఉన్నచో, 2ను 33 మార్లు హెచ్చింపగా సుమారు 859 కోట్లు వచ్చును. అనగా భూమిపై నున్న వారందరిలో ఒక్కరిని ఏరవచ్చును! 2010లో పీటర్ ఎకర్స్‌లీ తన పరీక్షకు వచ్చిన సుమారు 4,70,000 బ్రౌజర్లను పరిశీలింపగా, 83.6 శాతము మరి దేనితోను పోలనివని తేలినది.

కుకీ మన కంప్యూటరులో ఉండును గనుక చెరుపవచ్చును. ఈ ముద్రను అవతలివారే లెక్కించుకొందురు; చెరుపుటకు మనవద్ద ఏమియు లేదు.

మరి ఉపాయమేమి? 2020 నుండి సఫారీ బ్రౌజరు పరసంస్థల కుకీలను పూర్తిగా నిరోధించుచున్నది. టార్ బ్రౌజరు తన వినియోగదారులందరును ఒకే తీరున కనబడునట్లు చేయ యత్నించును. ముసుగు వేసుకొన్నవాడు సంతలో మరింత కంటబడును. గుంపులో కలియుటయే ఇచట రక్షణ.

గోప్యత ప్రాథమిక హక్కని 2017లో భారత సుప్రీంకోర్టు పుట్టస్వామి కేసులో తీర్పు చెప్పినది. తన సందేహమును ఎవరో వ్రాసికొనుచున్నారని జంకు విద్యార్థి స్వేచ్ఛగా ప్రశ్నింపజాలడు. కావున ఈ హక్కు చదువునకును సంబంధించినదే.