టోల్ అంటే గేటొక్కటే కాదు

టోల్ అనంగనే మనకు హైవే మీది గేటు, ఫాస్టాగ్ యాదికొస్తయి. గా టోల్ అంటే సుంకం. ఇంగ్లీషుల ఇంకో టోల్ ఉన్నది, అది గంటది. చర్చి గంటను నిమ్మలంగ, ఆపి ఆపి ఒక్కో దెబ్బ కొడితే టోల్ అంటరు. పెండ్లి గంటల మోతనేమో పీల్ అంటరు. ఇంగ్లండు పల్లెల్ల మనిషి సచ్చిపోతే వయసెంతో అన్ని దెబ్బలు కొట్టే ఆనవాయితీ ఉండె.

పేపర్ల రాసే డెత్ టోల్ గంటది కాదు, సుంకం దిక్కుది. ఎన్ని పానాలు పోయినయన్న లెక్క.

తమ్ముళ్లూ, చెల్లెండ్లూ, నాకైతే గంట టోలే నచ్చుతది. అది ఒక్క మనిషి కోసం మోగేది. డెత్ టోల్ అందర్నీ ఒక్క అంకెల కలిపేస్తది. ప్రమాదం వార్త షేర్ చేసేటప్పుడు అంకె కాడ్నే ఆగకుండ్రి. పోయినోళ్లు ఎవలు, ఎందుకు పోయిండ్రు అని గూడ అడుగుండ్రి.