ఇల్లు కొంటే ఏమేమి మనవి?

అరిజోనా రాష్ట్రంలోని చాండ్లర్‌లో 1980 నుండి ఇంటెల్ కర్మాగారం ఉన్నది. ఉద్యోగరీత్యా అక్కడికి చేరే తెలుగు కుటుంబాలలో మన ప్రవాసుల సంతతి వారు కూడా ఉండవచ్చును గావున, ఈ సంగతి వివరించదలచినాము.

ఇల్లు చూడబోయినప్పుడు వంటగదిలో ఫ్రిజ్, గోడకు టీవీ, కప్పు మీద సౌరఫలకాలు కనబడతాయి. కనబడినవన్నీ ధరలో చేరినవే అనుకుంటాము. అది నిజం కాదు.

అక్కడ సాధారణంగా వాడేది అరిజోనా రియల్టర్ల సంఘం వారి అచ్చు ఒప్పందపత్రం. ఇంటికి బిగించినవి ఇంటితోనే వస్తాయని అందులో ఉన్నది: సీలింగు ఫ్యాన్లు, దీపాలు, కిటికీ తెరలు, తపాలా పెట్టె, గ్యారేజీ తలుపు తెరిచే యంత్రం, దాని రిమోట్లు. టీవీని మోసే గోడకొయ్య మనది, టీవీ మాత్రం అమ్మినవారిది! నేలలో నాటిన నిమ్మచెట్టు మనది, కుండీలోని కరివేపాకు వారిది. ఫ్రిజ్, బట్టలుతికే యంత్రం, ఆరబెట్టే యంత్రం వంటివాటికి ప్రత్యేకంగా గడులుంటాయి. గడిలో గుర్తు పెట్టకపోతే అవి రావు. ఎండ నలభై అయిదు డిగ్రీలు దాటే ఊళ్ళో ఫ్రిజ్ లేని మొదటి రాత్రి ఎట్లుంటుందో ఊహించండి.

గోడకు బిగించిన పూజామందిరం మాట మన ఇళ్ళలో తప్పక వస్తుంది. పట్టుకెళ్ళదలచిన అమ్మకందారు ఆ సంగతి ఒప్పందంలో ముందే రాయించాలి. లేకపోతే అది కొన్నవారిదని వాదం వస్తుంది.

అన్నింటికన్నా పెద్ద చిక్కు అద్దె వస్తువులది. సౌరఫలకాలు, నీటిని మెత్తబరిచే యంత్రం చాలా ఇళ్ళలో అద్దెవి. అద్దెకు తెచ్చినది అమ్మకంలో చేరదు. సౌరఫలకాల అద్దె ఇరవై, ఇరవై అయిదేళ్ళది కూడా ఉంటుంది. ఇల్లు కొన్నవారు ఆ కంపెనీ అంగీకారంతో మిగిలిన నెలల బాకీని నెత్తికెత్తుకోవలసి రావచ్చు. ఫలకాలు సొంతమా, అద్దెవా అని మొదటే అడగడం మంచిది. అద్దె పత్రం చూడకుండా సంతకం చేయరాదని మా అభిప్రాయం.

ఈ పట్టింపు మనకు కొత్తది కాదు. పాత తెలుగు క్రయ దస్తావేజులలో నిధి, నిక్షేపం, జలం, పాషాణం మొదలైన అష్టభోగాలతో సహా అమ్మినామని రాసేవారు. భారతదేశపు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో ఇంటితో పాటు తాళాలు, తాళంచెవులు, గడియలు, తలుపులు, కిటికీలు వస్తాయని ఉన్నది. 1903 నుండి 1916 వరకు మద్రాసు నుండి ఫిజీకి ఓడలెక్కిన మనవారు తమ ఒప్పందాన్ని గిర్మిట్ అన్నారు. వారిలో చాలామందికి ఆ కాగితం చదవడం రాదు. మనకు చదువున్నది.

డబ్బు చెల్లించే ముందు ఇంటిని ఆఖరుసారి చూడబోయేటప్పుడు ఒప్పందపు నకలు చేతిలో ఉంచుకోవాలి. గుర్తు పెట్టిన ఫ్రిజ్ అక్కడున్నదా, మొదట చూసిన ఫ్రిజ్ అదేనా చూడాలి. ఫ్యాన్ల రిమోట్లు, తపాలా పెట్టె తాళంచెవి కూడా లెక్కచూసి తీసుకోవాలి.