కడపలో బ్రౌనుదొర

తాటాకుపై వ్రాసిన గ్రంథమునకు ఆయువు పరిమితము. చెదలును పురుగులును దానిని తినివేయును. కావుననే మన పెద్దలు పాత ప్రతి శిథిలము కాకమునుపే క్రొత్త ఆకులపై నకలు వ్రాయించుచుండిరి. నకలు వ్రాయువాడు ఒక్క అక్షరము తప్పినను, ఆ తప్పు తరువాతి ప్రతులన్నింటికిని సంక్రమించును. వ్రాయించువారే కరవైనచో గ్రంథమే నశించును. పందొమ్మిదవ శతాబ్ది ప్రారంభమున తెలుగు గ్రంథములు పెక్కు ఈ స్థితిలో అటుకలపై పడియుండెను. అట్టి సమయమున ఒక ఇంగ్లీషు యువకుడు ఉద్యోగియై కడపకు వచ్చెను.

అతడే ఛార్లెసు ఫిలిప్ బ్రౌను. అతడు 1798వ సంవత్సరము నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించెను. తండ్రి క్రైస్తవ మతాచార్యుడు. 1812లో తండ్రి మరణింపగా కుటుంబము ఇంగ్లండునకు వెళ్లిపోయెను. బ్రౌను అచ్చట ఈస్టిండియా కంపెనీ కొలువునకు వలసిన చదువు ముగించి 1817లో మద్రాసు చేరెను. కోదండరామ పంతులను గురువునొద్ద తెలుగు నేర్చెను. 1820లో కడప కలెక్టరునకు సహాయకుడుగా నియమింపబడెను. మరుసటి యేడే కడపలో రెండు ఉచిత పాఠశాలలు నెలకొల్పెను. కంపెనీవారు ఈ పని చేయుమని అతనిని ఆజ్ఞాపింపలేదు.

తరువాత మచిలీపట్టణమున నున్నప్పుడు, 1824లో, ఒక ఫ్రెంచి మతగురువు వ్రాసిన పుస్తకములో వేమన పేరు అతని కంటబడెను. నాటి పండితులు వేమనను కవిగా గణించెడివారు కారు. బ్రౌను మాత్రము ఆ పద్యముల ప్రతులను వెదకించుట మొదలిడెను. 1826లో తిరిగి కడపకు వచ్చి, తోటతో కూడిన ఒక బంగళా కొని, అందు పండితులను, లేఖకులను సొంత జీతములిచ్చి నియమించెను. వారిపై అయోధ్యాపురము కృష్ణారెడ్డి పర్యవేక్షకుడు. జనులు దానిని బ్రౌను కాలేజి అని పిలిచిరి.

అచ్చట జరిగిన పని యెట్టిదో కొంత తెలిసికొనవలెను. ఒక గ్రంథమునకు దొరకిన ప్రతులన్నింటిని తెప్పింతురు. పద్యములకు వరుస సంఖ్యలు వేసి కాగితములపై నకలు వ్రాయింతురు. పండితులు కూర్చుండి, ఒకరు చదువగా తక్కినవారు తమ చేతనున్న ప్రతులతో పోల్చి చూతురు. ఒక ప్రతిలో ఒక పదము, మరియొక ప్రతిలో వేరొక పదము కానవచ్చినచో, ఆ భేదమును గుర్తించి, ఛందస్సునకు, అర్థమునకు ఏది తగునో విచారింతురు. ఇట్లు పరిశోధించి బ్రౌను 1829లో 693 వేమన పద్యములను ఆంగ్లానువాదముతో ప్రకటించెను. ఈ పనికి జీతము చాలక అతడు అప్పులు చేసెను.

బ్రౌను తీర్పులన్నియు ఒప్పుకొనదగినవి కావు. కొన్ని కావ్యములను అతడు తన దేశపు అభిరుచితోనే తూచెను. కీర్తియు అతనికే దక్కినది. ఆకులు విప్పి అక్షరమక్షరము పోల్చిన పండితులలో పెక్కుమంది పేర్లు నేడు ఎవరికిని తెలియవు. అయినను, వారిని ఒకచోట కూర్చినవాడు అతడే.

అతనికి చరిత్రయందును ఆసక్తి మెండు. అనంతపురపు పాలకుల చరిత్రను తెలుగునుండి ఇంగ్లీషులోనికి మార్చి 1853లో అచ్చు వేయించెను. కాలనిర్ణయమునకై పట్టికలు కూర్చెను. మన పాత వ్రాతలలో తరచుగా సంవత్సరము పేరు మాత్రమే యుండును. వృష సంవత్సరము అరువదేండ్లకొకమారు తిరిగి వచ్చును: 1821, 1881, 1941, 2001. వట్టి పేరు చూచి ఏ వృషయో యెట్లు చెప్పగలము? శకవర్షము కూడ తెలిసినచో దానికి 78 కలిపిన క్రీస్తుశకము ఇంచుమించుగా వచ్చును. శక 1743 అనగా 1821. చరిత్ర వ్రాయువానికి ఇట్టి లెక్క లేక అడుగు సాగదు.

1834 తరువాత ఇంగ్లండున నున్న కాలమున, లండనులోని కంపెనీ గ్రంథాలయమున పడియున్న దక్షిణదేశపు వ్రాతప్రతులను చూచి, అధికారులకు నచ్చజెప్పి మద్రాసునకు పంపించెను. మరల ఇచ్చటికి వచ్చి 1840లో వ్యాకరణమును, 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును ప్రకటించెను. 1855లో ఈ దేశము విడిచి, లండను విశ్వవిద్యాలయమున తెలుగు ఆచార్యుడై, 1884 డిసెంబరు 12వ తేదీన మరణించెను.

కడపలోని ఆ బంగళా కాలక్రమమున పాడుపడెను. రాయదుర్గములో పుట్టి, కడపలో అధ్యాపకుడుగా పనిచేసిన జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు ఆ స్థలముననే బ్రౌను పేర గ్రంథాలయము నిలుపుటకు పూనుకొని, ఊరూర చందాలు సేకరించి, పట్టు విడువక దానిని సాధించిరి. 2006లో ఆ గ్రంథాలయము యోగి వేమన విశ్వవిద్యాలయమునకు అప్పగింపబడెను. బ్రౌను కూర్చిన వ్రాతప్రతులు మాత్రము చెన్నపట్టణములోని ప్రాచ్యలిఖిత గ్రంథాలయమున నున్నవి.