పాతర గడ్డిలోని మాంసకృత్తులు: పశువునకు దక్కునదెంత?

పచ్చిమేత సమృద్ధిగా నున్న దినములలో దానిని కోసి, ముక్కలు చేసి, గాలి చొరకుండ గోతిలో త్రొక్కి కప్పి, మేత కరవైన దినములలో తీసి పశువులకు పెట్టుట పాతర గడ్డి పద్ధతి. దీనినే సైలేజి యందురు. ధాన్యమును పాతరలో దాచుట మన పల్లెలకు పూర్వము నుండి తెలిసినదే. కాని దాచిన ధాన్యము ధాన్యముగనే యుండును. దాచిన పచ్చిగడ్డి మాత్రము గోతిలో మారిపోవును. ఆ మార్పులో మాంసకృత్తుల కేమగునో, తుదకు పశువున కెంత దక్కునో ఇచట వివరింపదలచితిమి.

కోసిన గడ్డి వెంటనే చావదు. ఆకులలోని ఎంజైములు పని మానక, మాంసకృత్తులను ఆమినో ఆమ్లములుగ విడగొట్టుచునే యుండును. లాక్టిక్ ఆమ్లమును పుట్టించు సూక్ష్మజీవులు గడ్డిలోని చక్కెరను పులియబెట్టి పులుపును హెచ్చించిన పిమ్మట గాని ఈ పని మందగింపదు. పులుపు చాలనిచో క్లాస్ట్రిడియా యను వేరొక జాతి సూక్ష్మజీవులు విజృంభించి ఆమినో ఆమ్లములను అమ్మోనియాగ మార్చును. గడ్డి దుర్గంధము వేయును. చక్కగా మాగిన గడ్డిలో సైతము, ఏమియు కలుపనిచో, నత్రజనిలో సగమునకు పైగా మాంసకృత్తుల రూపమును కోల్పోవుట సామాన్యము.

ప్రయోగశాలలో నత్రజనిని కొలిచి, దానిని 6.25 చే హెచ్చవేసి, మాంసకృత్తులు ఇంత యని లెక్క కట్టుదురు. రూపము మారినను నత్రజని గడ్డిలోనే యుండును గనుక ఆ అంకె అంతగా మారదు. అంకె బాగుగనే యున్నది గదా, పాలేల తగ్గినవని రైతు విస్తుపోవుటకు ఇదియొక కారణము.

నెమరువేయు పశువు తిన్న మేత మొదట పెద్ద పొట్టలో చేరును. అచటి సూక్ష్మజీవులు మాంసకృత్తులను అమ్మోనియా వరకు విడగొట్టి, ఆ నత్రజనితో తమ దేహములను నిర్మించుకొనును. ఆ సూక్ష్మజీవులే పిదప నాల్గవ అరకును, చిన్న ప్రేవులకును కొట్టుకొనిపోయి పశువునకు ఆహారమగును. ప్రేవులకు చేరు మాంసకృత్తులలో సాధారణముగ సగము, అంతకు మించియు, ఇట్టివే. కాని అవి పెరుగుటకు నత్రజనితో పాటు చక్కెర, పిండిపదార్థముల శక్తియు అదే సమయమున అందవలెను. పాతర గడ్డిలో విడిపోయిన నత్రజని పొట్టలో ఒక్కసారిగ అమ్మోనియా యగును. చక్కెర గోతిలోనే పులిసిపోయి యుండును. మిగిలిన అమ్మోనియా రక్తములో కలిసి, కాలేయమున యూరియాగ మారి, చాలవరకు మూత్రముతో పోవును.

ఈ నష్టమును గోతిలోనే అరికట్టవలెనని యత్నించిన వారిలో ఫిన్లండు దేశపు శాస్త్రజ్ఞుడు ఆర్తురి ఇల్మరి వీర్తనెన్ ముఖ్యుడు. సుదీర్ఘమైన చలికాలమున పశువులను కొట్టములలో నుంచి మేపవలసిన దేశమది. గడ్డి తనంత తాను పులియు వరకు ఆగక, హైడ్రోక్లోరిక్ ఆమ్లమును, గంధకామ్లమును నీటితో పలుచన చేసి చల్లి, పి.హెచ్. అంకెను వెంటనే 4 కంటె దిగువకు తెచ్చుట ఆయన పద్ధతి. ఆయన పేరులోని మొదటి అక్షరములతో దానికి ఏ.ఐ.వి. పద్ధతి యని పేరు వచ్చినది. 1945లో ఆయనకు రసాయన శాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది.

తరువాతి కాలమున ఫార్మిక్ ఆమ్లము వ్యాప్తిలోనికి వచ్చినది. టన్ను పచ్చిగడ్డికి 85 శాతపు ఆమ్లము 3 మొదలు 5 లీటర్లు చాలును. ఇది ఎంజైముల వేగమును తగ్గించుటయే గాక, పులియుటను గూడ మితపరచి చక్కెరను మిగుల్చును. ఆ చక్కెర పొట్టలోని సూక్ష్మజీవులకు శక్తి నిచ్చును.

ఫార్మాల్డిహైడు తీరు వేరు. అది మాంసకృత్తులతో ముడిపడి పొట్టలోని సూక్ష్మజీవుల కందనీయదు. నాల్గవ అరలోని ఆమ్లమున ఆ ముడి వీడవలెను. మోతాదు మించెనా, ముడి వీడక మాంసకృత్తులు పేడలో పోవును; పశువు మేతయు తగ్గును. మనుష్యుల ఆరోగ్యమునకు హానికరమగుట చేత, ఐరోపా సమాఖ్య 2018లో దీనిని మేతలలో కలుపు పదార్థముగ అనుమతింప నిరాకరించినది.

వేడియు ఇట్టి ముడినే వేయును. గోతిని గట్టిగ త్రొక్కక గాలి మిగిల్చినచో గడ్డి కాగి గోధుమవన్నెకు తిరిగి, కాలిన బెల్లపు వాసన వేయును. పశువు దానిని ఇష్టముగ తినును. కాని అందలి మాంసకృత్తులు జీర్ణము గావు.

మన ప్రాంతపు జొన్న, మొక్కజొన్నలలో చక్కెర చాలినంత యుండుట చేత అవి తమంత తామే పులియును. వాని లోటు మాంసకృత్తులే. పిల్లిపెసర, అలసంద, లూసర్నులలో మాంసకృత్తులు మెండు, చక్కెర తక్కువ. కావున వీనిని ఎండలో కొన్ని గంటలు వాడ్చి, జొన్నతో గాని బెల్లపు మడ్డితో గాని కలిపి పాతర వేయుట మేలు. వానలో నానుచు మెల్లగ వాడిన గడ్డి మాత్రము గోతికి చేరకముందే నష్టపోవును.

కావున పాతర గడ్డిని మాంసకృత్తుల అంకెతో మాత్రమే విలువ కట్టరాదు. అవి గోతిలో విరుగక నిలువవలెను, పొట్టలో తగుపాటి శక్తితో కలియవలెను, ప్రేవులలో జీర్ణము కావలెను. ఈ మూడును సమకూరినపుడే రైతు దాచిన మేత పాలగిన్నెకు చేరును.